బెర్లిన్‌లో బ్రష్షుల కార్ఖానా

హాకెషర్ మార్క్ట్ స్టేషన్‌లో రైలు దిగి, ట్రాము పట్టాలు దాటితే రోజెంతాలర్ స్ట్రాసె. బెర్లిన్ చూడ్డానికి వచ్చినవాళ్లు ఈ వీధికి రాకుండా పోరు. ఒక లోగిలి వెనక ఇంకో లోగిలిగా సాగే హాకెషె హోఫె అనే పాత కట్టడం ఇక్కడే ఉంది. 1906లో కట్టారు. మొదటి లోగిలి గోడల నిండా మెరిసే రంగు పెంకులు, కింద ఖరీదైన దుకాణాలు. దాన్ని ఆనుకునే ఉంది 39వ నంబరు ఇల్లు. దీనికి మాత్రం మరమ్మతు యోగం పట్టలేదు. పెచ్చులూడిన గోడలు, వాటి మీద పోస్టర్లు, పోస్టర్ల మీద మళ్లీ రంగుల బొమ్మలు.

"మామయ్యా, ఈ సందులోకి ఫొటోల కోసం ఎన్నిసార్లు వచ్చానో! పైన ఒక మ్యూజియం ఉందని మాత్రం తెలీదు" అన్నాడు మా మేనల్లుడు. వాడు ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. వాడి తప్పు లేదు. ఇక్కడికొచ్చే జనం గోడలు చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు, వెళ్లిపోతారు. నేలలో పొదిగిన లోహఫలకం దాటి మెట్లెక్కితే ఓటో వైట్ అంధుల కార్ఖానా మ్యూజియం. టికెట్టు లేదు.

బెర్లిన్‌లో ఎన్నో ఉండగా ముందుగా ఇక్కడికే ఎందుకొచ్చానంటే, కారణం నేను పనిచేసిన బ్యాంకు. అక్కడ మాకొక అంధ సహోద్యోగి ఉండేవారు. టెలిఫోన్ ఆపరేటరుగా చేరారు. కొన్నేళ్లకు ఫోన్లు నేరుగా ఎవరి సీటుకు వారికి వెళ్లే ఏర్పాటు వచ్చింది. బోర్డు తీసేశారు, ఆయన కుర్చీ మిగిలింది. డిగ్రీ ఉంది, కంప్యూటరు నేర్చుకుంటానన్నారు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టించమని అర్జీ రాశారు. "మీకెందుకండీ శ్రమ? జీతం వస్తోంది కదా, హాయిగా కూర్చోండి" అన్నారు పైవాళ్లు. ప్రేమగానే అన్నారు. రిటైరయ్యేదాకా ఆయన కూర్చునే ఉన్నారు. చూపులేని మనిషికి ఏ పని ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో ఎవరు తేలుస్తారన్న ప్రశ్న అప్పట్నుంచీ నాతో ఉంది. ఈ ప్రశ్నకు బెర్లిన్‌లో ఉన్నంత చరిత్ర మరే ఊళ్లోనూ లేదేమో.

ఓటో వైట్ 1883లో రోస్టాక్‌లో పుట్టాడు. గోడలకు కాగితాలు అతికించే పని తండ్రి నుంచి నేర్చుకున్నాడు. చూపు మందగించి ఆ పని సాగక, నడివయసు దాటాక బ్రష్షుల తయారీ నేర్చుకున్నాడు. 1936లో క్రాయిట్స్‌బెర్గ్ పేటలో ఒక నేలమాళిగలో సొంత కార్ఖానా పెట్టి, 1940లో దాన్ని ఈ ఇంటికి మార్చాడు. చీపుళ్లు, బ్రష్షులు ఇక్కడి సరుకు. చేసేవాళ్లలో ఎక్కువమంది అంధులు, బధిరులు. వాళ్లలో ఎక్కువమంది యూదులు.

ఆ నాజీల రోజుల్లో జర్మనీలో అంధుడిగా బతకడమే కష్టం. వంశపారంపర్యంగా వచ్చే అంధత్వాన్ని, చెవుడును బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల జాబితాలో చేర్చిన చట్టం 1934 జనవరి నుంచి అమల్లో ఉంది. దేశానికి పనికొచ్చేవాళ్లు, భారమయ్యేవాళ్లు అని మనుషుల్ని రెండు కుప్పలు పోసిన కాలం. దానికి తోడు యూదులైతే ఇక చెప్పేదేముంది.

వైట్ ఆ కొలబద్దనే తీసుకుని నాజీల మీదే ప్రయోగించాడు. తన కార్ఖానాకు జర్మన్ సైన్యం నుంచి ఆర్డర్లు సంపాదించాడు. దాంతో అది యుద్ధానికి అవసరమైన పరిశ్రమగా నమోదైంది. అందులో పనిచేసే అంధుడు సైన్యానికి కావలసిన మనిషి. కాబట్టి వాణ్ని తీసుకుపోవద్దు. ఇదీ వాదన. నిజానికి బ్రష్షుల్లో కొంత భాగమే సైన్యానికి చేరేది. పంది వెంట్రుక, గుర్రపు వెంట్రుక కరువైన రోజుల్లో మంచి బ్రష్షు దొరకడమే గగనం. మిగతా సరుకును దొంగ బజారులో మార్చి, వచ్చిన మద్యం, అత్తర్లతో గెస్టాపో అనే నాజీ రహస్య పోలీసు అధికారుల నోళ్లు మూయించేవాడు.

గదులు పెద్దవేం కావు. మ్యూజియం వాళ్లు వీటికి కొత్త రూపం ఇవ్వకపోవడం నాకు నచ్చింది. అరిగిన చెక్కనేల, రంగు వెలిసిన గోడలు అలాగే ఉన్నాయి. బ్రష్షు చెయ్యడం చూసేందుకు తేలికే. చెక్క దిమ్మకు వరసగా బెజ్జాలుంటాయి. వెంట్రుకల కుచ్చును సమంగా తీసి, తీగతో సగానికి మడిచి, బెజ్జంలోకి లాగి బిగించాలి. కుచ్చు మందం వేళ్లకే తెలియాలి. ఒక కుచ్చు పలచనైతే బ్రష్షంతా పాడు. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ నిండా అంధుల ఆశ్రమాల్లో ఇదే పని నేర్పేవారు. దీంతో పాటు బుట్టలల్లడం, కుర్చీలకు బెత్తం అల్లడం, పియానో శ్రుతి చెయ్యడం. ఆ బెత్తం అల్లికే మన దేశానికీ వచ్చింది. మన ప్రభుత్వ కార్యాలయాల్లో కుర్చీలకు బెత్తం అల్లిన చేతుల్లో అంధులవీ ఉన్నాయి.

ముందు గదిలో కచేరీ ఉండేది. యూదులు ఆఫీసు పని చెయ్యకూడదని నిబంధన. అయినా ఇంగె డాయిష్‌క్రోన్ అనే యువతిని వైట్ 1941లో ఇక్కడ గుమాస్తాగా పెట్టుకున్నాడు. చూపున్నవాళ్లు అంధుల కార్ఖానాలో కనబడితే ప్రమాదమే. తనిఖీ వస్తే వాళ్లు దాక్కోవాలి, అంధులు తలవంచుకుని పని చేస్తూ ఉండాలి. ఆమె తల్లితో పాటు అజ్ఞాతంలో బతికి బయటపడింది, తర్వాత పాత్రికేయురాలైంది. 1978లో వచ్చిన ఆమె ఆత్మకథే ఈ కార్ఖానాను లోకానికి గట్టిగా గుర్తుచేసింది. 2022 మార్చిలో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో బెర్లిన్‌లోనే కన్నుమూసింది.

చివరి గదికి కిటికీ లేదు. అప్పట్లో ఈ గది గుమ్మానికి అడ్డంగా బట్టల బీరువా ఉండేది. వెనక పలక తీస్తే లోపలికి దారి. ఖాయిమ్ హోర్న్ అనే అంధ కార్మికుడు, అతని భార్య, ఇద్దరు పిల్లలు 1943లో నెలల తరబడి ఇందులో ఉన్నారు. ఆ అక్టోబరులో ఒక వేగు పట్టించాడు. నలుగురినీ ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపారు. ఎవరూ తిరిగి రాలేదు. మేనల్లుడు ఆ గది గోడకు చెయ్యి ఆన్చి చాలాసేపు నిలబడ్డాడు.

అక్కణ్నుంచి గ్రోసె హాంబుర్గర్ స్ట్రాసెకు నడిచాం. నాలుగడుగుల దూరం. తోవలో పేవ్‌మెంటు రాళ్ల మధ్య ఇత్తడి పలకలు కనబడతాయి. ఆయా ఇళ్లలోంచి తీసుకుపోయినవాళ్ల పేర్లు, పుట్టిన ఏడాది, చనిపోయిన చోటు వాటి మీద ఉంటాయి. ఈ వీధిలో యూదుల వృద్ధాశ్రమం ఉండేది. 1942లో గెస్టాపో దాన్ని బందీల శిబిరంగా మార్చింది. పట్టుకున్నవాళ్లను ఇక్కడికి తెచ్చి, రైళ్లలో తూర్పుకు పంపేవారు. ఇప్పుడు ఆ చోట ఇల్లు లేదు, శిల్పాల గుంపు ఒకటుంది. పక్కనే పాత యూదుల శ్మశానం. పద్ధెనిమిదో శతాబ్దపు తత్వవేత్త మోజెస్ మెండెల్‌సోన్‌ను అక్కడే ఖననం చేశారు.

ఒకసారి వైట్ మనుషుల్ని గెస్టాపో పట్టుకొచ్చి ఇక్కడ పెట్టింది. సమాచారం తెలియగానే వైట్ కర్ర పుచ్చుకుని వచ్చాడు. సైన్యం ఆర్డర్లు ఆగిపోతాయి, వీళ్లు లేనిదే పని జరగదు అని వాదించాడు. చేతుల్లో ఏం పెట్టాడో ఏమో, వదిలిపెట్టారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, గుండెల మీద పసుపు నక్షత్రాలతో అంధులు వరసగా ఈ వీధుల్లోంచి నడిచి కార్ఖానాకు వెళ్లారు. ముందు నడిచిన యజమానికీ చూపు అంతంతమాత్రమే. ఇంగె డాయిష్‌క్రోన్ చెప్పిన ఈ ఘటన తలుచుకుంటూ అదే దారిలో వెనక్కి నడిచాం. మామూలు బజారు వీధి. సైకిళ్లు, ఐస్‌క్రీం తింటున్న పిల్లలు.

ఈ కథ ఇక్కడ ఆగితే చదవడానికి బాగుండేది. 1943 ఫిబ్రవరి 27న బెర్లిన్ ఫ్యాక్టరీల్లో మిగిలిన యూదు కార్మికులందరినీ పట్టుకుపోవడం మొదలైంది. ఈసారి సైన్యం ఆర్డర్లు అక్కరకు రాలేదు. వైట్ మనుషుల్లో చాలామందిని తీసుకుపోయారు. ఆయన అక్కడితోనూ ఊరుకోలేదు. తెరెజీన్‌స్టాట్ శిబిరంలో ఉన్నవాళ్లకు వందకు పైగా ఆహారం పొట్లాలు పంపాడు. తన కార్యదర్శి అలీస్ లిష్ట్‌ను ఆష్విట్జ్‌కు తరలిస్తుంటే ఆమె రైల్లోంచి విసిరిన కార్డును ఎవరో పుణ్యాత్ములు పోస్టు చేశారు. అరవయ్యేళ్లు దాటిన, చూపు ఆనని ఆ మనిషి చీపుళ్లు అమ్మే నెపంతో ఆష్విట్జ్ దాకా వెళ్లాడు. ఆమెను క్రిస్టియన్‌స్టాట్ అనే కూలి శిబిరానికి మార్చారని తెలుసుకుని, ఆ ఊళ్లో ఒకరి ద్వారా ఆమెకోసం బట్టలు, డబ్బు దాచిపెట్టించాడు. 1945 జనవరిలో ఆమె తప్పించుకుని బెర్లిన్ చేరింది. వైట్ 1947 డిసెంబరులో చనిపోయాడు. 1971లో ఇజ్రాయెల్‌లోని యాడ్ వాషెమ్ స్మారక సంస్థ ఆయన్ను యూదుల్ని కాపాడిన ధర్మాత్ముల జాబితాలో చేర్చింది.

వైట్ గొప్పతనం గురించి సందేహం లేదు. కానీ ఆ గదుల్లోంచి వచ్చాక నన్ను తొలిచింది వేరే సంగతి. ఆ అంధులు బతకడానికి తమ ఉపయోగాన్ని ప్రతి రోజూ రుజువు చేసుకోవాల్సి వచ్చింది. రుజువు చెల్లనినాడు ప్రాణం పోయింది. అంత ఘోరం కాకపోయినా, ఉద్యోగానికొచ్చిన అంధుణ్ని మనం ఇప్పటికీ అదే రుజువు అడుగుతున్నాం. పక్క కుర్చీలో కూర్చున్న చూపున్నవాణ్ని అడగం.

మర్నాడు దక్షిణాన స్టెగ్లిట్స్ పేటకు వెళ్లాం. జర్మనీలో మొదటి అంధ పాఠశాల అక్కడుంది. యోహాన్ ఆగస్ట్ త్సోయ్నె అనే భూగోళ పండితుడు 1806లో దాన్ని బెర్లిన్‌లో మొదలుపెట్టాడు. పారిస్‌లో ప్రపంచపు మొట్టమొదటి అంధ పాఠశాల స్థాపించిన వాలెంటిన్ అవీ ఆ ఏడాదే రష్యా వెళ్తూ ఈ ఊళ్లో ఆగి, రాజుకు తన పద్ధతి చూపించాడు. బడి మొదలైన అక్టోబరులోనే నెపోలియన్ సేన బెర్లిన్‌లోకి దిగింది. అయినా బడి మూతపడలేదు. ఇప్పుడు త్సోయ్నె పేరు మీదే నడుస్తోంది. ఆవరణలో ఒక చిన్న మ్యూజియం, అందులో పాత బ్రెయిలీ పరికరాలు, తడిమి చదివే పటాలు ఉంటాయి. కొద్ది వేళల్లోనే తెరుస్తారు, వెళ్లేవాళ్లు ముందు కనుక్కుని వెళ్లాలి.

వైట్ మనుషుల్లో పలువురు ఈ పేటలోని యూదు అంధుల ఆశ్రమం నుంచి వచ్చినవాళ్లే. అంధుల ఉపాధిలో మొదటి ప్రపంచ యుద్ధం తెచ్చిన మలుపు కూడా ఈ ఊరిదే. యుద్ధంలో వేలమంది యువకులు చూపు పోగొట్టుకుని ఇంటికొచ్చారు. వాళ్లు పుట్టు అంధులు కారు, నిన్నటిదాకా మెకానిక్కులు, గుమాస్తాలు, ప్లీడర్లు. వాళ్లను బుట్టలల్లుకోమంటే ఎలా ఊరుకుంటారు? పౌల్ సిలెక్స్ అనే కంటి డాక్టరు, బెట్టీ హిర్ష్ అనే అంధ ఉపాధ్యాయురాలు 1914లోనే వాళ్లకోసం బడి పెట్టి, టైపు, బ్రెయిలీ లిపి, ఫ్యాక్టరీ పనులు నేర్పారు. సీమెన్స్ కంపెనీలో పౌల్ పెర్ల్స్ అనే డైరెక్టరు తన విభాగంలోని యంత్రాల దగ్గర ఏయే పనులు చూపు లేకుండా చెయ్యొచ్చో ఒక్కొక్కటే పరీక్షించి, అంధ సైనికుల్ని పెట్టుకున్నాడు. 1920లో చట్టమే వచ్చింది, యుద్ధంలో అంగవైకల్యం పొందినవాళ్లను యజమానులు కొంత శాతం తీసుకుని తీరాలని. బెట్టీ హిర్ష్ యూదురాలు. నాజీలొచ్చాక దేశం వదిలి ఇంగ్లండు పోవాల్సి వచ్చింది.

1920 నాటి ఆ చట్టానికి వారసత్వంగా ఇప్పుడూ ఒక చట్టం ఉంది. ఇరవై లేదా అంతకుమించి ఉద్యోగాలున్న ప్రతి జర్మన్ యజమాని, సర్కారైనా ప్రైవేటైనా, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు 5 శాతం చోటు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఖాళీగా ఉన్న ఒక్కో చోటుకూ నెలనెలా రుసుము కట్టాలి. ఆ డబ్బుతోనే వైకల్యం ఉన్న ఉద్యోగులకు తెర చదివే సాఫ్ట్‌వేరు, బ్రెయిలీ పరికరాలు, అవసరమైతే సహాయకుడు సమకూరుస్తారు. రుసుము కట్టేసి చేతులు దులుపుకునే కంపెనీలూ ఉన్నాయి. అయినా ఖర్చు అనే సాకు అక్కడ చెల్లదు.

తర్వాత క్రాయిట్స్‌బెర్గ్ వెళ్లాం. అక్కడ ఒరానియన్ స్ట్రాసె అంటే కెబాబ్ దుకాణాలు, పాటల క్లబ్బులు, రాత్రంతా సందడి. 26వ నంబరులో బెర్లిన్ అంధుల పాత కార్ఖానా ఉంది. ప్లాస్టిక్ బ్రష్షులు యంత్రాల మీద గుట్టలు గుట్టలుగా వచ్చాక చేతి బ్రష్షు కొనేవాడు లేడు. జాలిపడి కొన్నవాళ్ల మీద కార్ఖానా ఎంతకాలం నడుస్తుంది? 1998లో ఇద్దరు డిజైనర్లు వచ్చి, ఇక్కడి పనివాళ్లతో కూర్చుని, అవే వెంట్రుకలు, అవే చెక్క దిమ్మలతో కొత్త వస్తువులు రూపొందించారు. డీఐఎమ్ అనే పేరుతో అవి డిజైన్ దుకాణాలకెక్కాయి. ఇప్పుడు అంధులతో పాటు వేరే వైకల్యాలున్నవాళ్లూ అక్కడ పనిచేస్తున్నారు. షాపులో ఒక బట్టల బ్రష్షు తీసుకున్నాను. ధర చూసి మేనల్లుడు కళ్లు పెద్దవి చేశాడు. "బాగుంది కాబట్టి కొన్నానురా" అన్నాను. నిజంగానే బాగుంది.

మార్కెట్టు మారితే పని మారాలి, మారే అవకాశం మనిషికుండాలి. ఇందుకు జర్మనీలోనే ఇంకో ఉదాహరణ. డ్యూస్‌బుర్గ్‌లో ఫ్రాంక్ హోఫ్‌మన్ అనే స్త్రీల వైద్యుడికి ఒక ఆలోచన వచ్చింది. రొమ్ము పరీక్షలో డాక్టరు చెయ్యాల్సింది వేళ్లతో తడిమి గడ్డల్ని కనుక్కోవడం. డాక్టరుకు తీరిక నిమిషాలే. అంధ స్త్రీల వేళ్లకు ఆ సాధన ముందే ఉంది. వాళ్లకు తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చారు. బ్రెయిలీ గుర్తులున్న పట్టీలు ఛాతీ మీద అంటించి, అంగుళం అంగుళం తడిమి, అనుమానం ఉన్న చోటును కచ్చితంగా డాక్టరుకు చెబుతారు. రోగనిర్ణయం డాక్టరుదే. ఢిల్లీలో నేషనల్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ వారి మహిళా కేంద్రం కూడా ఇప్పుడు ఈ శిక్షణ ఇస్తోంది. ఇలాంటి పని ఒకటుందని అంతకుముందు ఏ జాబితాలోనూ లేదు.

అంధులకు తగిన పనులు అని ఎవరో ముందే జాబితా రాసేయడంలోనే చిక్కుంది. బెత్తం అల్లిక ఆ జాబితాలో ఉండేది, ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. టెలిఫోన్ ఆపరేటరు ఉండేది, బోర్డులు పోయాయి. ఎస్టీడీ బూత్‌లు ఇచ్చేవారు, సెల్‌ఫోను వాటిని మింగేసింది. ఒక పనికి మనిషిని కట్టేస్తే ఆ పనితో పాటే మనిషీ మునుగుతాడు. జాబితా బయటికి వచ్చిన అంధులు మనకూ ఉన్నారు. మచిలీపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చిన శ్రీకాంత్ బొల్ల ఇంటర్లో సైన్సు గ్రూపు చదవడానికే కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి, వైకల్యం ఉన్నవాళ్లకు ఉద్యోగాలిచ్చాడు. సివిల్స్‌లో రెండుసార్లు ర్యాంకు తెచ్చుకుంటే గానీ ప్రాంజల్ పాటిల్‌కు ఐఏఎస్ దక్కలేదు. మొదటిసారి రైల్వే సర్వీసు ఆమెను తీసుకోనంది. చూపులేనివారు జడ్జీలు కాకూడదన్న మధ్యప్రదేశ్ నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది 2025 మార్చి 3న. జర్మనీ న్యాయస్థానాల్లో అంధ న్యాయమూర్తులు దశాబ్దాలుగా ఉన్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చూపు వైకల్యం ఉన్నవాళ్లు 50 లక్షలకు పైగా. 2016 వికలాంగుల హక్కుల చట్టం సర్కారు కొలువుల్లో మొత్తం 4 శాతం, అందులో అంధులకు, మసక చూపున్నవారికి కలిపి 1 శాతం ఇచ్చింది. ప్రైవేటు రంగంలో 5 శాతం తీసుకునేవాళ్లకు ప్రోత్సాహకాలిమ్మంది. తీసుకోకపోతే రుసుము లేదు. కొత్త కొలువుల్లో ఎక్కువ భాగం ప్రైవేటులోనే పుడుతున్న దేశంలో ఈ తేడా చిన్నది కాదు. జర్మనీ నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఈ రుసుమే. దాన్ని ఖజానాలో కలిపేయకుండా అంధ ఉద్యోగి బల్ల మీదికి చేరే పరికరాలుగా మార్చే పద్ధతితో సహా తెచ్చుకోవాలి.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది. కంప్యూటరు తెరను చదివే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరును ఇద్దరు ఆస్ట్రేలియా అంధ యువకులు 2006లో మొదలుపెట్టారు. అది పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. మీ ఆఫీసులో చూపులేని ఉద్యోగి ఊరికే కూర్చుని ఉంటే ముందు దాన్ని పెట్టించండి. తర్వాత ఏ పని చేస్తారో ఆయన్నే అడగండి.